‘ఉరుకు’ అంటే దూకడం కాదు

ఎవరైనా ఊరెళ్ళి వస్తే మా వీధిలో ముందు సంచీ వంక చూస్తారు, తర్వాతే మొహం వంక. నేను పటాన్‌చెరు నుంచి వచ్చిన రోజు నా సామానులో చీరల్లేవు, మిఠాయిల్లేవు. ఒక పాత కంప్యూటరు, అడ్డంగా గాటు పడిన టేకు చెక్క, ఖాళీ స్టీలు క్యారేజీ ఉన్నాయి. “దీనికా నాలుగు రోజులు పోయావు?” అంది పక్కింటి సరోజిని. దీనికే. అంత దూరం వెళ్ళి చార్మినార్ కూడా చూడకుండా వచ్చానని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. కానీ నోరు తెరుచుకుని చూసే వింతలు ఆ నాలుగు రోజుల్లో చూసినన్ని నా యాభై ఏళ్ళలో చూడలేదు. అటు వెళ్ళనివాళ్ళకి అవి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది పాలకొల్లు. మా ఆయన తలుపులు చేస్తారు. తొమ్మిదేళ్ళ కిందట చెక్క మీద డిజైన్లు చెక్కే కంప్యూటర్ మిషన్ కొన్నాం. చెక్కేది మిషనే, దానికి బొమ్మ గీసి ఇచ్చేది నేను. ఇంటర్ తప్పినదాన్ని, మూడొందల డిజైన్లు గీశాను. ఎవరింటి గుమ్మం ముందు నిలబడినా “ఈ తీగ నాదే” అనుకునే గర్వం ఒకటి నాకుంది, దాచుకోను.

ఈ శ్రావణంలో ఆ కంప్యూటర్లో బల్లి పడింది. బల్లీ పోయింది, కంప్యూటరూ పోయింది. మిషన్‌కి ఏమీ కాలేదు. కానీ దాన్ని నడిపే ప్రోగ్రాంకి ఆ ఒక్క కంప్యూటర్లోనే తెరుచుకునేలా తాళం వేసి ఇచ్చారు. ఇచ్చిన కొట్టు ఎప్పుడో షట్టర్ దించేసింది. ఇంకో డీలరు వచ్చి చూసి, కొత్త మిషనే కొనుక్కోండి అన్నాడు. ఇంతలో మా కరెంటు మేస్త్రీ ఒక కబురు తెచ్చాడు. పటాన్‌చెరులో ఒకాయన ఇలాంటి మిషన్లలో లినక్స్ పెట్టి బతికిస్తున్నాడట.

తెలియనివాళ్ళకి నాకు తెలిసినంత చెప్తాను. కంప్యూటరు ఆన్ చెయ్యగానే లేచి మిగతా పనులన్నీ నడిపించేదాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు. అందులో రెండు రకాలు. ఒకటి కంపెనీది. డబ్బిచ్చి వాడుకుంటాం, లోపల ఏముందో చూడకూడదు, మార్చకూడదు. రెండోది లినక్స్ లాంటిది. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. “ఊరికే వచ్చేది ఎన్నాళ్ళుంటదే? రేపు ఆగిపోతే ఎవర్ని పట్టుకుంటాం?” అన్నారు మా ఆయన. నాకు మిషన్ బెంగ కన్నా డిజైన్ల బెంగ ఎక్కువ. అవన్నీ చచ్చిపోయిన కంప్యూటరు డిస్కులో ఉన్నాయి. ఆ డిస్కు ఊడదీయించి, మెత్తటి గుడ్డలో చుట్టి, క్యారేజీ కింది గిన్నెలో పెట్టాను. పై గిన్నెలో సున్నుండలు పెట్టాను. బల్లి పడిన రోజున సగంలో ఆగిపోయిన టేకు చెక్క కూడా సంచీలో వేసుకున్నాను.

లింగంపల్లి దాటాక

రైలు దిగి బస్సెక్కి ముంబై రోడ్డు మీదికి వచ్చాక కాసేపటికి నేను కిటికీకి అతుక్కుపోయాను. మా వైపు రోడ్డు పక్కన కాలవ, కాలవ అవతల కొబ్బరి చెట్లు. ఇక్కడ రోడ్డు పక్కన గోడ, గోడ అవతల పొగ గొట్టాలు. ఒక గోడ అయిపోయిందనుకుంటే ఇంకోటి మొదలవుతుంది. ఒకచోట మందుల వాసన, ఒకచోట కాలిన ఇనుము వాసన, మధ్యలో ఉన్నట్టుండి పచ్చటి జొన్న చేను. పంటల మీద పరిశోధన చేసే పెద్ద క్యాంపస్ అదేనట. అన్ని ఫ్యాక్టరీల నడుమ అంత పొలం తలెత్తుకుని నిలబడి ఉంది.

పటాన్‌చెరు ఇంకా రాకముందే బస్సు ఆగిపోయింది. ఎదురుగా ఒక ట్రైలర్. దాని చక్రాలు లెక్కపెడుతూ అరవై దాకా వచ్చి తప్పిపోయాను. దాని మీద మా ఇల్లంత ఇనుప పీపా. ముందు ఒకతను ఎర్ర గుడ్డ ఊపుతూ నడుస్తున్నాడు, ఇంకొకతను పొడుగాటి కర్రతో కరెంటు తీగలు పైకెత్తుతున్నాడు. మా ఊళ్ళో రథం లాగేటప్పుడు ముందు నడిచేవాళ్ళే గుర్తొచ్చారు. నేను లేచి నిలబడి చూశాను. బస్సులో ఇంకెవరూ తల కూడా ఎత్తలేదు.

పక్క సీట్లో నీలం యాప్రాన్ వేసుకున్న ఆవిడ నన్ను చూసి నవ్వింది. “యాడికెల్లి వస్తున్నవక్కా? బువ్వ తెచ్చుకున్నవా?” అని క్యారేజీ వంక చూసింది. ముక్కూ మొహం తెలియని మనిషి ‘నువ్వు’ అనేసరికి నాకు చురుక్కుమంది. మా గోదావరి జిల్లాలో నడక రాని పిల్లాణ్ణి కూడా ‘రండి బాబూ’ అంటాం. కానీ మరు నిమిషంలో ఆవిడే ఒడిలోని పొట్లం విప్పి ఉడకబెట్టిన శనగలు నా దోసిట్లో పోసింది. వాటిని గుడాలంటారట. ‘నువ్వు’ అన్నందుకు నొచ్చుకోవడం అంతటితో మానేశాను. ‘అండి’ అని చెయ్యి ముడుచుకునేవాళ్ళు మా వైపు బోలెడుమంది ఉన్నారు.

ఇంద్రేశం: కూర కాదది

ఇంద్రేశంలో పద్మ వదిన వాళ్ళింట్లో దిగాను. మా ఆయన పెద్దమ్మ కూతురు. వాళ్ళాయనకి ఇక్కడ ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వస్తే తణుకు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. ఆయన రిటైరయ్యాక ఊరి పక్క లేఔట్లో ఇల్లు కట్టుకున్నారు. వదిన మాట వింటే నవ్వొస్తుంది. “ఏంటే సత్యా, గిట్ల చిక్కిపోయావు? జెర మజ్జిగ తాగమ్మా” అని గోదావరినీ తెలంగాణనీ ఒకే గ్లాసులో కలిపేస్తుంది.

వాళ్ళ వీధి నలభై అడుగుల సిమెంటు రోడ్డు. రెండు మేడలకి ఒక ఖాళీ స్థలం, ఖాళీ స్థలంలో హద్దు రాళ్ళు, రాళ్ళ మధ్య నెమరేస్తూ గేదెలు. ఎదురింటి కవిత ఆ గేదెల తాలూకు మనిషే. ఆ లేఔట్ ఒకప్పుడు వాళ్ళ పొలం. ఆ పిల్లకి ముప్ఫై ఏళ్ళుంటాయి. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు చేసే కంపెనీలో నాణ్యత చూసే ఉద్యోగం. నా కథ విని, “ఆంటీ, ఫ్రీది పెట్టేముందు మా దగ్గర ఎట్లుంటదో కూడా చూసి పోండి. ఎల్లుండి తోల్కపోత” అంది. వాళ్ళమ్మ పంపిన జొన్నరొట్టె, పచ్చిపులుసు ఆ రాత్రి తిన్నాం. పొయ్యి ఎక్కకుండా, నువ్వుల పొడితో చేసిన ఆ పులుసుకి మా ఇంటి చారు ఎన్ని జన్మలెత్తినా సాటి రాదు. మా ఆయన చదివితే చదవనీ.

మర్నాడు పొద్దున్న బయల్దేరబోతే క్యారేజీ కనపడలేదు. ఇల్లంతా వెతికాను. చివరికి వదిన తాపీగా ఫ్రిజ్ తలుపు తీసింది. “పైన సున్నుండలున్నాయి కదా, కింద కూరేమో, పాడైపోతుందని పెట్టానే!” అంది. నా తొమ్మిదేళ్ళ కష్టం రాత్రంతా పెరుగు గిన్నె పక్కన చలిలో పడుకుంది.

పటాన్‌చెరు: రేకుల షెడ్డు

యాదగిరి షెడ్డు పారిశ్రామికవాడలో లోపలి సందులో ఉంది. మనిషికి నా ఈడే ఉంటుంది. ఖాకీ చొక్కా, నెరిసిన జుట్టు, గోళ్ళలో నల్లటి ఆయిలు. “మా తాత మక్కలేసిన జాగల ఫ్యాక్టరీ వచ్చింది. గా ఫ్యాక్టరీలనే నేను ఇరవై ఏండ్లు లేత్ నడిపిన” అని పరిచయం చేసుకున్నాడు. ఆ ఫ్యాక్టరీ తుక్కు కింద అమ్మేసిన మిషన్లు కొన్ని కొని, ఒక్కొక్కదాన్నీ లేపి నిలబెట్టాడట. ఏడు మిషన్లు వరసగా పని చేస్తున్నాయి. ఎవరూ నేర్పలేదు. పిల్లల పాత కంప్యూటరు ముందు కూర్చుని, అర్థమయిన కాడికి చదివి, అర్థం కానిది అడిగి నేర్చుకున్నాడు. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

డిస్కు చేతిలోకి తీసుకుని ఉలిక్కిపడ్డాడు. “గింత సల్లగున్నదేందక్కా?”

“రాత్రి ఫ్రిజ్‌లో ఉందండి.”

“ఫ్రిజ్‌లనా!” అని పగలబడి నవ్వాడు. “ఇప్పుడే పెడితే చెమ్మకు ఖరాబైతది. జెరసేపు ఉండనీ. పరేషాన్ గాకు, చాయ్ తాగుదాం రా.”

చాయ్ తాగుతూ ఆ మిషన్ల మధ్య తిరిగాను. గ్లాసు పదిహేను రూపాయలు, మూడు గుక్కలు. ఒక మిషన్ తెర మీద అక్షరాలు చూసి ఆగిపోయాను. ‘జెర ఆగు, సూస్తున్న’ అని ఉంది. తర్వాతి మిషన్ మీద, ‘మూత పెట్టలే, నడువ’ అని. బీహార్ నుంచి వచ్చిన పనివాడు నడిపే మిషన్ మీద అన్నీ హిందీలో ఉన్నాయి. మా కంప్యూటరు తొమ్మిదేళ్ళూ నాతో ఇంగ్లీషే మాట్లాడింది. నేను అర్థాలు కాగితం మీద రాసుకుని గోడకి అంటించుకున్నాను.

“ఇలా మాట్లాడుతుందేంటండీ ఇది? ఎవరు రాశారు?”

“నేనే రాసిన.”

“కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారా?”

“ఏ కంపెనీ అక్కా?” అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు. తర్వాత తనే నవ్వి చెప్పాడు. “మొదట్ల ఇంగ్లీష్‌ల ఉండె. ఆగుమంటే ఆగిందో, నడుస్తా అంటున్నదో మావోళ్ళకు తెల్వకపోతుండె. ఒకనాడు ఒకాయన వేలు పోయేటిది, జెరల తప్పింది. గానాడే కూసోని మాటలన్ని మార్చిన. మార్చొద్దన్నోడు ఎవ్వడు లేడు.”

“అంతా ఫ్రీయేనంటగా?”

అతను పక్కనున్న మిషన్ చక్రం మీద చెయ్యేసి తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరిగింది. “మా దిక్కు తుప్పు పట్టి పట్టేసినదాన్ని విప్పితే, ఫ్రీ అయిందంటం. గట్ల ఫ్రీ. పైసల ముచ్చట కాదు. నా కష్టానికి నేను తీసుకుంటనక్కా, ముందే చెప్తున్న.” బోల్టులూ బేరింగులూ విప్పే మనుషుల నోట్లో ఆ మాటకి ఈ అర్థం ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

డిస్కు ఆరింది. తన కంప్యూటరుకి తగిలించాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి తెర నిండా నా డిజైన్ల పేర్లు! ‘తామర తీగ’, ‘గొలుసు అంచు’, ‘తాటాకు అల్లిక’. అతను ‘తాటాకు అల్లిక’ తెరిచాడు. బొమ్మ రాలేదు. వరసలు వరసలుగా అంకెలు, అక్షరాలు వచ్చాయి. నా మొహం చూసి అతను నెమ్మదిగా వివరించాడు. డిజైను రెండు రకాలుగా ఉంటుందట. నేను గీసిన బొమ్మ ఒకటి. దాన్ని గీసే ప్రోగ్రాం తన సొంత పద్ధతిలో దాచుకుంటుంది. ఆ బొమ్మని చెక్కమని పంపినప్పుడు తయారయ్యేది రెండోది, చెక్కని తొలిచే బిట్టు ఎటు వెళ్ళాలో, ఎంత లోతు దిగాలో చెప్పే చీటీ.

“సదువు. ఇరవై కాడికి పో, మూడు దిగు, ముప్పై కాడికి పో. గిది నీ చెయ్యి నడిసిన తోవ అక్కా. దీనికి తాళం లేదు. ఏ సిస్టమన్న సదువుతది.”

మా అమ్మ తాటాకు బుట్టలు అల్లేది. ఆ అల్లిక చెక్క మీదికి తేవడానికి నాకు మూడు నెలలు పట్టింది. మా సొంత ఇంటి తలుపుకని గీశాను. ఊరందరికీ టేకు తలుపులు చేసిన మా ఇంటికి నిన్నటిదాకా ప్లైవుడ్ తలుపే. ఆ మూడు నెలలూ అక్కడ అంకెలై, ఎవరైనా చదివేలా బతికి ఉన్నాయి. అంత ఆశ్చర్యం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

తర్వాత అసలు దెబ్బ తగిలింది. చీటీ తయారయ్యేది చెక్కినవాటికే. గీసి, ఇంకా చెక్కకుండా దాచుకున్నవి నలభై ఒక్కటున్నాయి. మంచి చెక్క దొరికినప్పుడు, మంచి మనసున్నవాళ్ళు అడిగినప్పుడు ఇద్దామని ఎవరికీ చూపించకుండా దాచినవి. వాటికి చీటీల్లేవు. బొమ్మలున్నాయి, తాళంలో.

“నేను అబద్ధం చెప్పనక్కా” అన్నాడు యాదగిరి. “కొత్త మిషన్ కొంటే గా గీసే ప్రోగ్రాం కూడ వస్తది. గప్పుడు ఇవి తెరుసుకుంటయి. నా సిస్టమైతే తెరుసుకోవు. మల్ల గీసుకోవాలె. నువ్వే చూసుకో.”

ఏడుపొచ్చింది. అతనికి కనపడకుండా మిషన్ వైపు తిరిగాను.

అదే షెడ్డు, అదే రోజు, ఒక గాటు

నా మనసు మళ్ళించడానికేమో, నేను తెచ్చిన సగం చెక్కిన టేకు చెక్కని ఒక మిషన్‌కి బిగించాడు. తాటాకు అల్లిక చీటీ అందులోకి ఎక్కించాడు. చెక్క ఎక్కడ మొదలవుతుందో మిషన్‌కి చెప్పడం మిగిలింది. ఇంతలో పక్క షెడ్డు నుంచి ఎవరో పిలిస్తే, “ఇప్పుడే వస్త” అని వెళ్ళాడు.

బిట్టు సరిగ్గా నా అల్లిక మీదికి వంగి ఉంది. చెక్క కనపడట్లేదు. అది కాస్త పైకి లేస్తే బావుండుననిపించింది. తెర మీద రెండు బొత్తాలున్నాయి. ఒకటి ‘ఆగు’. ఇంకోటి ‘ఉరుకు’. మా ఊళ్ళో ‘గోదాట్లోకి ఉరికాడు’ అంటే దూకాడనే. బిట్టు ఎగిరి పైకి దూకుతుంది కాబోలనుకున్నాను. తొమ్మిదేళ్ళ అనుభవం గలదాన్ని, నాకొకరు చెప్పాలా అని నొక్కేశాను.

అది దూకలేదు. గిర్రున తిరుగుతూ చెక్కలోకి దిగి, నా అల్లిక మీదుగా నాగలి పోయినట్టు పోయింది. మిషన్ ఆపే ఎర్ర బొత్తాం మీద చెయ్యి పడేసరికి జానెడు గాటు పడింది. చప్పుడు విని యాదగిరి పరుగెత్తుకొచ్చాడు.

“ఏమైందక్కా? చెయ్యి మంచిగున్నదా?”

“చెయ్యి బానే ఉందండి. ఇది దూకుతుందనుకున్నాను!”

“దుంకుడా?” అతనికి ఒక నిమిషం పట్టింది. “అయ్యో! దుంకుడు వేరే, ఉరుకుడు వేరే అక్కా. ఉరుకుడంటే పరిగెత్తుడు. ఇంగ్లీష్‌ల రన్ అని ఉంటది గదా, గదే ఉరుకు అని రాసిన.”

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని నవ్వేశాం. నవ్వు ఆగాక గాటుని జానతో కొలిచి చూసుకున్నాను. అతను గాటు వెంట వేలు పోనిచ్చి, తల ఊపాడు. “తప్పు నీది గాదు, నాది. మా ఊరోళ్ళకే అర్థమయ్యేటట్టు రాసిన. మీ దిక్కోళ్ళు కూడ వస్తరని సోంచాయించలే.”

మిషన్ తప్పు చేస్తే ‘తప్పు నాది’ అన్న మనిషిని అదే మొదటిసారి చూడటం. ఆ మాట కోసమైనా అతని సిస్టమే తీసుకుందామనిపించింది. కానీ నలభై ఒక్క డిజైన్లు అడ్డం పడ్డాయి.

సుల్తాన్‌పూర్: అద్దం ఇవతల

మూడో రోజు కవిత స్కూటీ మీద సుల్తాన్‌పూర్ వెళ్ళాం. వాళ్ళ కంపెనీలో నాలాంటివాళ్ళని అద్దం దాకానే రానిస్తారు. అద్దం అవతల నఖశిఖ పర్యంతం తెల్లబట్టల్లో మనుషులు, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. వెంట్రుకంత సన్నటి గొట్టాలు చేస్తున్నారు. రక్తనాళంలోంచి గుండె దాకా పోయేవట. ఒక్కో గొట్టాన్నీ దీపం కింద పట్టుకుని, తిప్పి, మళ్ళీ తిప్పి చూస్తున్నారు. అవతలి మనిషి ఎవరో వాళ్ళకి తెలియదు. తెలియని మనిషి గుండె కోసం అంత నిదానంగా పని చేసే చేతుల్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో!

“వీటిలో ఉన్నది ఏ సిస్టం తల్లీ?”

“కంపెనీదే ఆంటీ, కొన్నదే. దాంట్ల ఒక్క మాట మార్చాలన్నా ఎందరో సంతకాలు పెట్టాలె. మల్ల అంతా పరీక్ష చెయ్యాలె” అంది కవిత. “ఎవరి సిస్టమైనా మా దగ్గర గంతే. కాకపోతే కొన్నదానికి అమ్మినోళ్ళు రాసిచ్చిన కాయిదం ఉంటది. రేపు ఏమన్న అయితే జవాబు చెప్పేటోడు ఒకడు ఉండాలె గదా. ఎవరు పడితే వాళ్ళు మార్చుకోవచ్చంటే వినడానికి మంచిగుంటది. మార్చినోడు తప్పు చేస్తే?”

సంచీలో నా చెక్క మీద జానెడు గాటుంది. తిరుగు దారిలో స్కూటీ వెనక కూర్చుని, కొత్త మిషన్ కొనేద్దామనే నిశ్చయానికి వచ్చేశాను. డిజైన్లు తెరుచుకుంటాయి, అడగడానికి ఒక మనిషి ఉంటాడు, మా ఆయనా సంతోషిస్తారు.

సంగారెడ్డి: పేరు తెలియనాయన

ఆ మధ్యాహ్నం యాదగిరికి ఆ మాటే చెప్దామని వెళితే, “కొను అక్కా, తప్పేం లేదు. కొనేముందు నా సిస్టం ఒక్కటన్న నడుసుడు చూడవా?” అని సంగారెడ్డి తీసుకెళ్ళాడు. అక్కడ శంకరయ్య అనే పెద్దాయన తలుపుల కొట్టు ఉంది. డెబ్భై దాటాయి. ఆయన మిషన్‌కి యాదగిరి లినక్స్ పెట్టి ఐదేళ్ళయింది. వేప చెక్క మీద హంసల వరస చెక్కుతోంది. పొట్టు వాసన తగలగానే ఇంటికొచ్చినట్టనిపించింది.

“ఎప్పుడూ ఆగలేదాండీ?” అని అడిగాను.

“ఎందుకాగలే? పోయిన వానకాలం ఆగింది. యాదగిరికి గూడ సమజ్ కాలే. నాలుగు దినాలు పని లేదు, తిట్టుకుంట కూసున్న.” యాదగిరి పక్కన నవ్వుతున్నాడు. “ఇగ ఈయన అదేందో నెట్ల రాసిండు, మా మిషన్ గిట్ల చేస్తుందని. ఐదో దినం ఎవ్వడో జవాబు రాసిండు. గీ నాలుగు లైన్లు మార్చుండ్రి అని. మార్చిన్రు, నడిసింది.”

“ఎవరండీ ఆయన?”

“తెల్వదు బిడ్డా. ఏ దేశమో. మనకు పొద్దుగాల ఐతే ఆయనకు రాత్రట. మొఖం సూడలే, పేరు గూడ నోరు తిరగలే.”

“ఎందుకు చేశాడండీ మరి? ఆయనకేంటి?”

శంకరయ్య చెక్క మీది పొట్టు ఊది, హంస మెడ నిమిరాడు. “గదే నేను గూడ అడిగిన. ఆయన మిషన్ గూడ ఒకనాడు గట్లనే ఆగిందట. గప్పుడు ఇంకెవడో చెప్పిండట.”

సంగారెడ్డిలో వేప చెక్క మీద హంస ఆగిపోతే, పేరు తెలియని దేశంలో ఒకడు రాత్రిపూట కూర్చుని దాని కాలు కదిలించాడు. అద్దం అవతల గొట్టం తిప్పి తిప్పి చూసిన చేతులూ, ఈయన చేతులూ నాకు ఒకటే అనిపించాయి. వాళ్ళకీ అవతలి మనిషి తెలియదు, ఈయనకీ తెలియదు. కవిత అడిగింది తప్పు కాదు. గుండెకి వెళ్ళే గొట్టానికి సంతకాలుండాలి. కానీ నాది తలుపు. తప్పు జరిగితే ఒక గాటు పడుతుంది. ఆ నలభై ఒక్కటీ డబ్బు పోసి తెరిపించుకుంటే మళ్ళీ అదే తాళంలో ఉంటాయి, ఇంకో బల్లి వచ్చేదాకా.

అక్కడి నుంచే మా ఆయనకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

“మరి నీ నలభై ఒక్కటో?” అన్నారు. ఆయనకి ఆ లెక్క గుర్తుంటుందని నేననుకోలేదు.

“మళ్ళీ గీస్తానండి.”

ఆయన వెనక రంపం చప్పుడు ఆగింది. “సరే. కానియ్యి” అన్నారు.

మళ్ళీ షెడ్డులో

నాలుగో రోజు, షెడ్డులోని ఒక పాత కంప్యూటరు లినక్స్‌తో నా కోసం సిద్ధమయ్యింది. అప్పుడు యాదగిరి కీబోర్డు నా ముందుకి జరిపాడు. మాటలున్న చీటీ తెరిచి పెట్టాడు. ‘జెర ఆగు, సూస్తున్న’, ‘మూత పెట్టలే, నడువ’, ‘ఉరుకు’.

“ఇవి మా మాటలు. మీ ఇంట్ల మీ మాటలుండాలె. నువ్వే మార్చుకో.”

“నేనా? పాడైపోతుందేమోనండి!”

“పాడైతే మల్ల రాస్తం. గంతే గదా.”

‘ఉరుకు’ చెరిపాను. ఏం రాయాలో ఆలోచించక్కర్లేకపోయింది. ‘కానియ్యండి’ అని రాశాను. మిషన్‌కైనా ‘అండి’ లేకుండా మాట్లాడితే మా ఊళ్ళో ఊరుకోరు. ‘ఉండండి, చూత్తన్నాను’ అని, ‘మూత పెట్టలేదండి’ అని ఒక్కొక్కటీ మార్చాను. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే తెర మీద నా మాటలు వచ్చాయి. ఇంటర్ తప్పినదాన్ని, కంప్యూటరు చేత గోదావరి యాస పలికించాను. సంతోషంతో యాదగిరికి మిగిలిన సున్నుండలన్నీ ఇచ్చేశాను.

పాలకొల్లు

ఇంటికొచ్చిన మర్నాడు మా ఆయన తెర వంక అనుమానంగా చూసి ‘కానియ్యండి’ నొక్కారు. మిషన్ కదిలింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నలభై ఒక్కటిలో పదిహేను మళ్ళీ గీశాను. రెండు ముందుకన్నా బాగా వచ్చాయి. నాలుగు ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదు. వాటికోసం ఇప్పటికీ బాధపడుతున్నాను. గీసేది కూడా ఇప్పుడు తాళం లేని ప్రోగ్రాంలోనే, ఇంకా చెయ్యి అలవాటు పడలేదు. గాటు పడిన చెక్క మా ఇంటి తలుపుకే బిగించాం. వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతారు, నేను కథ చెప్తాను.

యాదగిరి ఫోన్ చేసి, “నీ మాటల చీటీ పంపక్కా, మీ దిక్కోళ్ళు వస్తే పనికొస్తది” అంటే, మా అబ్బాయి చేత పంపించాను. అడుగున నా పేరు, ఫోన్ నంబరు రాశాను. తర్వాత మరిచిపోయాను.

పోయిన వారం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో ఆడమనిషి.

“పలాస నుంచి మాట్లాడతన్నానండి. మాకు జీడిపప్పు పేకెట్ల మిషనుందండి. కంప్యూటర్ పోతే మా తమ్ముడు ఎక్కడినుంచో యిది తెచ్చి పెట్టినాడు. ‘ఉండండి, చూత్తన్నాను’ అని వస్తంది. మీరేనాండి యీ మాటలు రాసినారు?”

“ఆయ్, నేనేనండి” అన్నాను.

“ఒకటడుగుతాను, ఏటీ అనుకోకండి. మావైపు ‘చూత్తన్నాను’ అనమండి. మార్చుకోవచ్చాండి?”

“మార్చుకోండమ్మా,” అన్నాను, “మార్చి మీ మాటలు మాకూ పంపండి.”